రెండుసార్లు చెప్పే తెరేసమ్మ

బెజవాడ బస్టాండులో ఈ ముప్ఫయ్యేళ్లలో ఎప్పుడైనా బస్సు ఎక్కినవాళ్లకి తెరేసమ్మ తెలుసు. ముఖం తెలియదు, పేరు తెలియదు, గొంతు తెలుసు. పటమట రైతుబజారులో పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటున్నా ఎవరూ తల తిప్పి చూడరు. ఆవిడ నోరు తెరిచి "లేతవి వెయ్యవయ్యా" అందంటే మాత్రం, నలభై దాటినవాళ్లు చేతిలో సంచీ సర్దుకుని, ఎందుకో తెలియకుండానే బస్సు కోసం అటూ ఇటూ చూస్తారు. అతిశయోక్తి అనుకునేవాళ్లు ఏ ఆదివారమో వెళ్లి చూసుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

ఇరవై ఏడేళ్లు ఆవిడ ఆ బస్టాండులో మైకు ముందు కూర్చుంది. "ప్రయాణికులకు మనవి. ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం వెళ్లు బస్సు ఇరవై రెండవ ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది." ఒకసారి చెప్పి, మనసులో మూడు లెక్కపెట్టి, అదే మాట మళ్లీ చెప్పేది. ఎండైనా, వానైనా, పుష్కరాల రద్దీ అయినా, గొంతు బొంగురుపోయి మిరియాల పాలు తాగి వచ్చినా సరే, రెండుసార్లు చెప్పాల్సిందే.

ఆ గొంతు పుట్టింది హనుమాన్ జంక్షన్‌లో. తండ్రి రత్తయ్య రోడ్డు పక్కన జామకాయల బండి పెట్టేవాడు. ఒక దారి ఏలూరుకి, ఒకటి బెజవాడకి, ఒకటి నూజివీడుకి, ఇంకొకటి గుడివాడకి. చదువు రాని ప్రయాణికులకి బస్సు మీద బోర్డు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎనిమిదేళ్ల తెరేసమ్మ బండి పక్కన రాయి ఎక్కి నిలబడి, దుమ్ము రేపుకుంటూ వచ్చే బస్సుని దూరం నుంచే పోల్చి "నూజివీడూ! గుడివాడా!" అని కేకేసేది. అమ్మాల్సింది జామకాయలు, అరిచేది ఊళ్ల పేర్లు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా పిల్ల నోటికి నాలుగూళ్లు మంచివి" అని రత్తయ్య వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

అయితే రెండుసార్లు చెప్పే అలవాటు అక్కడిది కాదు. దాని వెనక ఒక తప్పు ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, మైకులో తన గొంతు తనకే అంత పెద్దగా వినపడేసరికి సిగ్గేసి, నూజివీడు బస్సు సంగతి గబగబా ఒక్కసారి చెప్పేసి మైకు కట్టేసింది. నాలుగు రోజుల తరవాత ఒక ముసలావిడ వెతుక్కుంటూ మైకు గదికి వచ్చింది. పేరు రావమ్మ. నూజివీడులో తమ్ముడికి ప్రాణం మీదికొచ్చిందని కబురొస్తే బయల్దేరింది. ఏ బస్సో సరిగ్గా వినపడక, కంగారులో పక్కనున్న తిరువూరు బస్సు ఎక్కేసింది. కొండపల్లి దగ్గర కండక్టరు టిక్కెట్టు అడిగాక గానీ సంగతి తెలియలేదు. దిగి, వెనక్కొచ్చి, మళ్లీ బస్సు పట్టుకుని నూజివీడు చేరేసరికి తమ్ముడు పోయి గంట దాటింది. అక్కొచ్చిందా, అక్కొచ్చిందా అని అడుగుతూనే పోయాడట.

రావమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని తెరేసమ్మ ఇప్పటికీ అంటుంది. "మొదటిసారి పిలిస్తే తలకాయ ఎత్తుతామమ్మా. రెండోసారి చెప్తేనే గదా వినేది. ఇంకోసారి చెప్పాల్సింది తల్లీ" అని, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

అంతే. ఆనాటి నుంచి తెరేసమ్మ దారి చెప్పే మాట ఏదీ ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. తన మాట నమ్ముకుని దారి తప్పిన ప్రయాణికుడు మళ్లీ ఒక్కడంటే ఒక్కడు లేడు. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా అవుతుంది, గడ్డం కాస్త పైకి లేస్తుంది. లేవదూ మరి! లక్షల మందిని ఎక్కించింది. ఆ గర్వం ఆవిడకి ఎవరూ ఇచ్చింది కాదు, ఒకరు తీసుకుపోయేదీ కాదు.

ఆరేళ్ల కిందట బస్టాండులో కంప్యూటర్ గొంతు పెట్టారు. తోటివాళ్లు శాలువా కప్పి, దండ వేసి, ఫొటో తీయించి పంపించారు. తెరేసమ్మ ఇంటికొచ్చి పడింది. ఇల్లు ఆటోనగర్ పక్కనే, భర్త పాల్ మెకానిక్ షెడ్డు వెనకాల. చేతికి మైకు లేకపోయినా అలవాటు ఎక్కడికి పోతుంది? మధ్యాహ్నం అయ్యేసరికి వంటింట్లోంచి "ఏమండీ, అన్నం పెట్టాను" అని ఒకసారి, మూడు లెక్కపెట్టి "ఏమండీ, అన్నం పెట్టాను" అని మరోసారి. షెడ్డులో సుత్తి దెబ్బలన్నీ ఆగిపోయేవి. "మా ఇంట్లో కూరకి కూడా ప్లాట్‌ఫారం నంబరుంటుందండీ" అని పాల్ ఖాతాదార్లతో వేళాకోళమాడేవాడు.

ఆ అన్నం పిలుపే ఆవిణ్ణి ఎడారిదాకా తీసుకెళ్లింది. ఒకరోజు కారు బాగు చేయించుకోవడానికి వచ్చిన సంయుక్త అనే అమ్మాయి, ఆ పిలుపు విని కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎవరండీ ఆ మాట్లాడింది?" అంది.

"మా ఆవిడేనండీ. ఏం, మీకూ ఆకలేసిందా?" అన్నాడు పాల్.

సంయుక్త చిన్నప్పుడు సెలవలకి అవనిగడ్డలో అమ్మమ్మగారింటికి వెళ్లింది ఈ గొంతు విని బస్సెక్కే. ఇప్పుడు మొగల్రాజపురంలో చిన్న కంపెనీ నడుపుతోంది. కార్లో ఊళ్లు చూడబోయే తెలుగువాళ్ల కోసం, ఫోనులోంచి దారి చెప్పే గొంతు తయారుచేసే కంపెనీ అది. గైడు అక్కర్లేదు. ఫోను కారుకి తగిలించుకుంటే చాలు, బండి ఏ చోటికి వస్తే ఆ చోటి కథ దానంతటదే వినపడుతుంది. ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో చెబుతుంది, దాటిపోయినవాళ్లని మాత్రం వెనక్కి పిలవదు. అరకుకి ఒకటి, గండికోటకి ఒకటి చేశారు. ఇప్పుడు జైసల్మేర్ దగ్గరి థార్ ఎడారికి చేస్తున్నారు. దానికి గొంతు కావాలి.

"నేనెప్పుడూ ఎడారి చూళ్లేదమ్మా" అంది తెరేసమ్మ.

"మచిలీపట్నం ఎన్నిసార్లు చూశారు?" అనడిగింది సంయుక్త.

"రెండుసార్లు."

"మరి రోజుకి ముప్ఫైసార్లు పంపించలేదూ జనాన్ని?"

ఆ మాటకి తెరేసమ్మకి నవ్వాగలేదు, ఒప్పుకుంది. అద్దాల గదిలో కూర్చుని నాలుగు రోజులు చెప్పింది. ఆ మాటలన్నీ రాసింది అఖిలేష్ అనే కుర్రాడు. ముప్ఫయ్యేళ్లుంటాయి, చురుకైనవాడు, ఎడారంతా స్వయంగా తిరిగొచ్చి రాశాడు. కథలున్నచోట కథలా, దారి ఉన్నచోట తన పద్ధతిలో రెండుసార్లు, తెరేసమ్మ హాయిగా చెప్పుకుపోయింది. అయిదో రోజు అంతా కలిపి వినిపిస్తే ఆవిడ ముఖం మారిపోయింది.

"అదేంటి బాబూ, నా రెండో మాటలేవీ?"

"రిపీట్ వచ్చాయి ఆంటీ. అన్నీ వెతికి వెతికి తీసేశాను" అన్నాడు అఖిలేష్, మెచ్చుకుంటుందనుకుని.

"అవి పొరపాటున వచ్చినవి కావు. కావాలని చెప్పినవి."

"ఇది బస్టాండు కాదు కదాంటీ! అద్దాలేసుకుని, ఏసీలో చల్లగా కూర్చుని వింటారు. రెండేసిసార్లు చెప్తే మేమేమన్నా చెవిటోళ్లమా అని తిడతారు."

తెరేసమ్మ చెవులకి తగిలించిన హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. "అయితే మొత్తం తీసెయ్ బాబూ. సగం గొంతు నాకొద్దు" అంది.

"అలాగంటే కంప్యూటర్ వాయిస్ పెట్టేద్దాం మేడమ్, గంటలో అయిపోతుంది" అన్నాడు అఖిలేష్ సంయుక్తతో. వాడు మామూలుగానే అన్నాడు. వాడికేం తెలుసు, ఆ మాట ఆరేళ్ల కిందట ఒకసారి తగిలిన చోటే మళ్లీ తగిలిందని! తెరేసమ్మ కళ్లు చెమర్చాయి.

తీర్పు సంయుక్త చెప్పింది. తన పెదనాన్న భానుమూర్తి గారు, పెద్దమ్మ రమాసుందరి డిసెంబరు మొదట్లో రాజస్థాన్ వెళ్తున్నారు. వాళ్లే కారు నడుపుకుంటూ ఎడారికి వెళ్తారు. తెరేసమ్మ, అఖిలేష్ జైసల్మేర్‌లో వాళ్లని కలిసి, అదే కార్లో కూర్చోవాలి. వెళ్లేటప్పుడు అఖిలేష్ కత్తిరించింది వినపడుతుంది, వచ్చేటప్పుడు తెరేసమ్మ చెప్పింది చెప్పినట్టు. ఏది దారి తప్పిస్తే అది పక్కకి పోతుంది. "ఒక్క షరతు. దారి గురించి మీరిద్దరూ నోరు మెదపకూడదు. ఎవరు దారి అందిస్తే వాళ్లు ఓడిపోయినట్టే. తెరేసమ్మ గారూ, మీరు ఓడిపోతే మాత్రం కంప్యూటర్ గొంతే పెడతాను. తరవాత నన్నేమీ అనుకోవద్దు."

"అనుకోనమ్మా" అంది తెరేసమ్మ. మరునాడే గుణదల వెళ్లి మరియమ్మకి కొవ్వొత్తి వెలిగించింది.

అలా అరవై ఒకటో ఏట, రెండు రైళ్లు మారి, ఆవిడ జైసల్మేర్ చేరింది. భానుమూర్తి గారు గుడివాడ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. స్టీరింగు ముందు కూర్చుంటే తనంత డ్రైవరు ఆంధ్రదేశంలో లేడనుకుంటారు. రమాసుందరి గారు మనిషి మంచిది గానీ నోటికి విశ్రాంతి ఇవ్వదు. పరదేశంలో తిండి దొరుకుతుందో దొరకదోనని పెట్టెలో జంతికలు, పొడులు, సగ్గుబియ్యం వడియాలు సర్దుకొచ్చింది. అఖిలేష్ ముందు సీట్లో, ఆడవాళ్లిద్దరూ వెనక. తెరేసమ్మని "మా ఆఫీసావిడ" అని మాత్రమే పరిచయం చేశాడు అఖిలేష్. ఆవిడ నమస్కారం పెట్టి ఊరుకుంది. ఆవిడ అంత సేపు నోరు మూసుకు కూర్చోవడం పాల్ చూసి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు.

కారు ఊరు దాటింది. అంత ఖాళీ నేల తెరేసమ్మ ఎప్పుడూ చూడలేదు. కాలవ లేదు, గట్టు లేదు, కొబ్బరి చెట్టు లేదు, మనిషి అలికిడి లేదు. గోధుమరంగు నేల ఆకాశందాకా పోతోంది, దాని మీద నల్లటి రోడ్డు ఒక్కటే. ఆ నిశ్శబ్దంలో, కారు స్పీకర్లలోంచి తన గొంతు: "స్వాగతం. మీరిప్పుడు థార్ ఎడారిలోకి ప్రవేశిస్తున్నారు." తెరేసమ్మకి ఒళ్లు పులకరించింది. జామకాయల బండి పక్కన అరిచిన గొంతు ఎక్కడిదాకా వచ్చిందో చూడు నాన్నా అనుకుంది.

"ఈ గొంతు ఎక్కడో విన్నాను సుందరీ" అన్నారు భానుమూర్తి గారు.

"టీవీలో విని ఉంటారు. జంతిక తింటారా?"

"టీవీలో కాదు. ఎక్కడో రోజూ విన్నాను." ఆయన బుర్ర గోక్కున్నారు గానీ అంతు చిక్కలేదు. అఖిలేష్ ఆ గొంతుని నున్నగా చిత్రికపట్టి ఉంచాడు.

ముందు అంతా సవ్యంగానే సాగింది. ఎప్పుడో జనం వదిలేసి పోయిన ఊరు దగ్గర ఆగమంటే ఆగారు. మొండిగోడల మధ్య తిరుగుతూ, ఆ ఊరి కథ తన గొంతులోనే విన్నది తెరేసమ్మ. ఎడమకంటే ఎడమకి తిరిగారు, కుడికంటే కుడికి. ఒక్కసారి చెబితే సరిపోయింది. అఖిలేష్ వెనక్కి తిరిగి చిన్నగా నవ్వాడు. వెక్కిరింపు కాదు గానీ, ఆ నవ్వుకి తెరేసమ్మ గుండె జారింది. నేనే పాతకాలపు మనిషినయ్యానేమో, రెండో మాట ఈ కాలానికి అక్కర్లేదేమో అనిపించింది.

నలభై కిలోమీటర్లు దాటాక రమాసుందరి గారు ముందుకి వంగింది.

"అవును గానీ అఖిలేష్ బాబూ, నీకు పెళ్లయిందా?"

"లేదండీ."

"సంబంధాలు చూస్తున్నారా? మా ఆడపడుచు తోడికోడలి కూతురుంది. బెంగుళూరులో పని. పిల్ల చందమామేననుకో. ఏవండీ, ఆ అమ్మాయి ఏం చదివిందీ?"

"ఏ అమ్మాయి?"

"అయ్యో రామ, మొన్న గృహప్రవేశంలో కనపడలేదూ!"

సరిగ్గా అప్పుడు స్పీకర్లలో వినపడింది. "ఎదురుగా ఒంటరి జమ్మిచెట్టు. చెట్టు దాటగానే కుడికి తిరగండి."

భానుమూర్తి గారు తల కొంచెం ఎత్తారు. అప్పటికే మాట అయిపోయింది. ఆయన ఆ అమ్మాయి ఏం చదివిందో గుర్తు తెచ్చుకునే పనిలో ఉన్నారు. అఖిలేష్ చెవులు ఎర్రబడి, ఫొటో ఉందా అని ఎలా అడగాలో ఆలోచిస్తున్నాడు. ఆ మాట రాసినవాడు, కత్తిరించినవాడు, ఆఫీసులో వందసార్లు విన్నవాడు వాడే. వాడికీ వినపడలేదు. జమ్మిచెట్టు కుడిపక్కనుంచి వెనక్కి వెళ్లిపోయింది. కారు తిన్నగా పోతోంది.

తెరేసమ్మ ఒక్కతే చూసింది.

నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. గెలిచాను! అదిగో, ఒక్కసారి చెబితే ఏమైందో చూశారా! ఇంకో అయిదు నిమిషాలు ఊరుకుంటే చాలు. ఎవరూ కాదనలేరు. నా గొంతు నాకుంటుంది.

రోడ్డు సన్నబడింది. తారు మీదికి ఇసుక నాలుకలు సాగి ఉన్నాయి. ఒకచోట రోడ్డే కనపడలేదు, భానుమూర్తి గారు "ఆహా, ఇదీ ఎడారంటే" అంటూ ఇసుక మీదుగా పోనిచ్చారు. ముందూ వెనకా ఒక్క బండి లేదు. ఫోనులో సిగ్నలు గీతలు ఒకటొకటిగా మాయమయ్యాయి. రమాసుందరి గారు పిల్ల గుణగణాలు ఇంకా పూర్తి చేయలేదు. ఇద్దరూ డెబ్భైకి దగ్గర పడ్డవాళ్లు, తన గొంతుని నమ్ముకుని, నవ్వుకుంటూ తప్పు దారిలో పోతున్నారు.

తెరేసమ్మకి ఉన్నట్టుండి రావమ్మ గుర్తొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకున్న రావమ్మ. ఛీ, ఏం పని చేస్తున్నాను నేను? ఇరవై ఏడేళ్లు ఒక్కణ్ణి కూడా తప్పు బస్సు ఎక్కనీయలేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. పందెం కోసం ఇద్దరు పెద్దవాళ్లు దారి తప్పుతుంటే చూస్తూ కూర్చున్నానా? మరియమ్మ తల్లీ, ఇదేం బుద్ధి నాకు! గొంతు పోతే పోయింది. కంప్యూటరే పెట్టుకోనీ.

వీపు నిటారు చేసింది. గొంతు దానంతటదే వచ్చింది.

"ప్రయాణికులకు మనవి. బండి దారి తప్పినది. వెంటనే ఆపండి."

మనసులో మూడు లెక్కపెట్టింది.

"ప్రయాణికులకు మనవి. బండి దారి తప్పినది. వెంటనే ఆపండి."

భానుమూర్తి గారి కాలు బ్రేకు మీద పడింది. కారు ఇసుకలో జరజరా జారి ఆగిపోయింది. ఆయన వెనక్కి తిరగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుని, "పదకొండో నంబరు ప్లాట్‌ఫారం" అన్నారు. "గుడివాడ నాన్‌స్టాప్, ఉదయం ఏడూ ఇరవై." అప్పుడు తిరిగి చూశారు. "అమ్మా! మీరా!"

తెరేసమ్మ తల ఊపింది.

"ఒక్కసారే చెబుతుంటే ఎవరో అనుకున్నాను. రెండోసారి అన్నారు చూడండీ, అప్పుడు పట్టేశాను! సుందరీ, ఈవిడ ఎవరనుకున్నావ్? రోజూ ఆ బల్ల మీద కూర్చుని పేపర్లు దిద్దుకునేవాణ్ణి. ఈవిడ మొదటిసారి పిలిస్తే తల ఎత్తేవాణ్ణి, రెండోసారి చెబితే లేచి బస్సెక్కేవాణ్ణి. ఇరవయ్యేళ్లలో ఒక్క రోజు కాలేజీకి ఆలస్యంగా వెళ్లలేదు నేను. ఆ గొప్పంతా నాదేననుకున్నాను, కాదు, ఈవిడది!"

రావమ్మ చెప్పిన మాటే, ఇన్నేళ్ల తరవాత, ఇన్ని మైళ్ల అవతల, ఇంకొకరి నోట. తెరేసమ్మకి కన్నీళ్లు బొటబొటా కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ముందు సీట్లో అఖిలేష్ ఫోను చూసుకుని తెల్లబోయాడు. "జమ్మిచెట్టు... ఆరు కిలోమీటర్లు దాటేశాం. నాకు వినపళ్లేదు. నేను రాసిందే నాకు వినపళ్లేదు" అన్నాడు.

భానుమూర్తి గారు కారు వెనక్కి తియ్యబోయారు. చక్రాలు గిర్రున తిరిగి ఇసుకలోకి దిగాయి.

"తొక్కకండి మేష్టారూ, తొక్కితే ఇంకా దిగుద్ది" అంది తెరేసమ్మ. కళ్లు తుడుచుకుని కారు దిగింది. కృష్ణలో ఇసుక తోలే లారీలు ఎన్ని పాల్ షెడ్డుకి రాలేదు, ఎన్ని కూరుకుపోయిన కథలు ఆవిడ అన్నం వడ్డిస్తూ వినలేదు! టైర్లలో గాలి సగానికి తీయించింది. చక్రాల ముందు ఇసుక అఖిలేష్ చేత చేతుల్తో తోడించింది. కాళ్ల కింద పరిచే మ్యాట్లు పీకించి, చక్రాల కింద వేయించింది. చాలకపోతే రమాసుందరి గారు కట్టుకొచ్చిన దుప్పటి కూడా వేయించింది. "ఇప్పుడు మెల్లగా. చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు మెల్లగా తియ్యండి." కారు మూలిగి, కదిలి, గట్టి నేల మీదికి వచ్చింది.

"ఎడారి ఎప్పుడూ చూళ్లేదన్నారు కదాంటీ?" అన్నాడు అఖిలేష్ రొప్పుతూ.

"కృష్ణలో అయినా, ఇక్కడ అయినా ఇసుక ఇసుకే బాబూ."

జమ్మిచెట్టు దగ్గర కుడికి తిరిగి, ఇసుక దిబ్బల దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. తెరేసమ్మ చెప్పులు విడిచి దిబ్బ ఎక్కింది. వెచ్చటి ఇసుక పాదాలు మునిగేదాకా పట్టుకుంది. ఇటు చూసినా, అటు చూసినా దిబ్బల మీద దిబ్బలు. ఎంతమందిని ఎక్కించి పంపించానో, ఇవాళ నేను కూడా వచ్చాను అనుకుంది. తన గొంతు ముందే వచ్చి కూర్చున్న చోటికి, తను వెనకాల వచ్చింది. ఓడిపోయానన్న బాధ ఆవిడకి ఏ కోశానా లేదు.

తిరుగు దారిలో రెండుసార్లు చెప్పిన గొంతు పెట్టారు. రమాసుందరి గారు ఈసారి వియ్యాలవారి సంగతులు ఎత్తుకుంది. ప్రతి మలుపు దగ్గరా మొదటి మాటకి భానుమూర్తి గారు తల ఎత్తారు, రెండో మాటకి స్టీరింగు తిప్పారు. అఖిలేష్ లెక్క రాసుకున్నాడు: పదిహేను మలుపులు, తప్పింది సున్నా.

సిగ్నలు రాగానే తెరేసమ్మే ముందు ఫోను చేసింది. "సంయుక్తమ్మా, నేను నోరు తెరిచాను. షరతు ప్రకారం ఓడిపోయాను" అంది. "నోరు తెరిచాను" అని మళ్లీ చెప్పింది.

అఖిలేష్ ఫోను లాక్కున్నాడు. "మేడమ్, తప్పు నాది. రెండో మాటలన్నీ మళ్లీ కలిపేస్తున్నాను. కంప్యూటరూ వద్దు, ఏమీ వద్దు."

పక్కనుంచి భానుమూర్తి గారు గట్టిగా అరిచారు. "అమ్మాయ్, ఇంకో సంగతి! ఆవిడ పేరు చెప్పించు అందులో! ఇన్నేళ్లు ఈ గొంతు విన్నాను, పేరేమిటో ఇవాళ తెలిసింది నాకు. సిగ్గుచేటు కాదూ!"

నిజమే. ఇరవై ఏడేళ్లలో ఆ మైకులో బందరు పేరు పలికింది, భద్రాచలం పేరు పలికింది, తప్పిపోయిన పిల్లల పేర్లు పలికింది. తన పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పలకాలని ఆవిడకి తోచనే లేదు.

క్రిస్మస్ ముందు వారం, మొగల్రాజపురం అద్దాల గదిలో చివరి మాట ఒక్కటి మిగిలింది. అవతల పాల్ ఉన్నాడు, జిడ్డు చేతులు రెండుసార్లు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. సంయుక్త ఉంది. అఖిలేష్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చెయ్యి ఊపాడు.

"ఇంతవరకు మీకు దారి చెప్పినది తెరేసమ్మ. హనుమాన్ జంక్షన్, జామకాయల రత్తయ్య గారి అమ్మాయి."

అంది గానీ, తండ్రి పేరు దగ్గర గొంతు జీరపోయింది. అద్దానికి అవతల ముగ్గురూ తలలెత్తి ఆవిణ్ణే చూస్తున్నారు. తెరేసమ్మ సిగ్గుపడి, ఇక చాలన్నట్టు లేవబోయింది. ముప్ఫై మూడేళ్ల కిందట మొదటి వారంలో వేసిన సిగ్గే అది.

అఖిలేష్ లేవనివ్వలేదు. మైకు నొక్కి, "కూర్చోండమ్మా" అన్నాడు. "ఇప్పుడు తల ఎత్తాం. రెండోసారి చెప్పండి, వింటాం."

తెరేసమ్మ కూర్చుంది. వెన్ను నిటారు చేసి, మనసులో మూడు లెక్కపెట్టి, తన పేరు రెండోసారి చెప్పింది.